తలుపు కొట్టినవాడు

ఊళ్ళో పడవ దిగిన గంటలోపే క్లేటన్ పెద్ద తప్పు చేశాడు. చిన్ననాటి స్నేహితుడు హ్యూబర్ట్ ఇంటికి వెళ్ళి తలుపు కొట్టాడు.

టిల్లీస్ కోవ్‌లో తలుపు కొట్టి వచ్చేవాళ్ళు మూడు రకాలే. పోలీసులు, జనాభా లెక్కలు రాసుకునేవాళ్ళు, క్రిస్మస్ తర్వాతి పన్నెండు రోజుల్లో ముసుగులేసుకుని ఇల్లిల్లూ తిరిగే వేషగాళ్ళు. తక్కినవాళ్ళెవరైనా వసారా తలుపు తోసుకుని వచ్చి, బూట్లకంటిన మంచు దులుపుకుని, తిన్నగా వంటింట్లో పొయ్యి పక్కన కూలబడవలసిందే. ఇంట్లోవాళ్ళు భోంచేస్తున్నా సరే, పోట్లాడుకుంటున్నా సరే. అది న్యూఫౌండ్‌లాండ్ దక్షిణపు ఒడ్డున పడవ తప్ప వేరే దారి లేని నలభై గడపల ఊరు. అక్కడ తలుపు కొట్టడమంటే మీరెవరో నాకు తెలియదని చెప్పడమే.

చప్పుడు వినగానే హ్యూబర్ట్ భార్య నాటుసారా సీసాని రొట్టెల పెట్టె వెనక దాచేసి, జుట్టు సవరించుకుని తలుపు తీసింది. ఎదురుగా చిన్నప్పట్నించీ తెలిసిన క్లేటన్.

"నువ్వా? పోలీసులనుకుని సీసా దాచాను కదయ్యా," అంది.

లోపల్నుంచి హ్యూబర్ట్ గొంతు వినబడింది. "తొమ్మిదేళ్ళు నార్వేలో ఉంటే ఇదా నేర్పింది? ఇంకా నయం, రావచ్చా అని ముందు ఉత్తరం రాశావు కాదు."

క్లేటన్ నవ్వేశాడు గాని చెవులు ఎర్రబడ్డాయి. బెర్గెన్‌లో, ఓడలు బాగుచేసే కార్ఖానాలో పనిచేస్తూ, ప్రతి గదికీ తలుపు కొట్టి కొట్టి వేళ్ళకి అలవాటైపోయింది. తను కొడుతున్నట్టు కూడా తెలియలేదు. ఊరి మూతికి మూకుడు పెట్టగలమా? అతను రెండో ఇంటికి చేరేలోపే సంగతి అక్కడికి చేరిపోయింది. ఆ ఇంటి ముసలావిడ తలుపు బార్లా తెరిచి, చలిగాలి లోపలికి కొడుతున్నా లెక్కచెయ్యకుండా, దాని పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది.

"నీ కోసమే తీసి ఉంచాను నాయనా. పాపం, వేళ్ళు నొప్పెడతాయేమోనని," అంది.

క్లేటన్ దిగింది డల్సీ పిన్ని ఇంట్లో. డెబ్భై రెండేళ్ళ డల్సీ అతని తల్లికి చెల్లెలు. పొట్టి మనిషి, మోకాలు పట్టేసి కుంటుతుంది, నోరు మాత్రం కుంటదు. అతను వచ్చేసరికే కేలండరు వెనక ముప్ఫై ఎనిమిది ఇళ్ళ పేర్లు రాసి, గోడకి గుచ్చి ఉంచింది. పదిహేను రోజుల్లో అన్నీ తిరగాలి. ప్రతి ఇంట్లోనూ కిస్మిస్ కేకు ముక్క తిని, ఎర్రటి పళ్ళ సిరప్ గ్లాసుడు తాగాలి. ఒక్క ఇల్లు తప్పినా ఆ ఇంటివాళ్ళు మనవల తరం దాకా గుర్తుపెట్టుకుంటారు. ఎప్పుడో ఈ ఊరివాడే ఒకాయన టొరంటో నుంచి వచ్చి ఫడ్జ్ వాళ్ళింటికి వెళ్ళకుండా పోయాడట. ఆయన చనిపోయి పాతికేళ్ళయింది. ఫడ్జ్ వాళ్ళు ఆయన సమాధి పక్కనుంచి వెళ్ళేటప్పుడు ఇప్పటికీ అటు చూడరు.

క్లేటన్ పేర్లు లెక్కపెట్టాడు. ఊళ్ళో నలభై ఇళ్ళు. పిన్ని ఇల్లు పోగా ముప్ఫై తొమ్మిది ఉండాలి.

"ఒకటి తక్కువుంది పిన్నీ."

"తెలుసు."

"రాయలేదేం?"

"అది నేను రాసేది కాదు," అని పిన్ని టీలో డబ్బా పాలు పోసింది.

ఆ ఒక్క ఇంటి కోసమే అతను సముద్రం దాటి వచ్చాడు. అది పిన్నికీ తెలుసు, అతనికీ తెలుసు.

ఊరి కొసన, రాళ్ళగుట్ట మీద ఉన్న పసుపుపచ్చ ఇల్లది. అతని అక్క వెర్నా ఇల్లు. ఇప్పుడు బావ లియాండర్ ఒక్కడే ఉంటున్నాడు. తల్లి చిన్నప్పుడే పోతే క్లేటన్‌ని పెంచింది పదేళ్ళు పెద్దదైన వెర్నాయే. పెళ్ళయి ఆ ఇంటికి పోతూ తమ్ముణ్ణి కూడా చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. లియాండర్ కిక్కురుమనలేదు. క్లేటన్‌కి పడవ తోలడం, వల కుట్టడం, గడ్డం గీసుకోవడం నేర్పింది ఆ బావే.

మూడేళ్ళ కిందట, నవంబరులో, వెర్నా పోయింది. క్లేటన్ రాలేదు. విమానం మారవలసిన లండన్‌లో తుఫాను, విమానాలు ఆగిపోయాయి అని ఫోన్ చేశాడు. లియాండర్ శవపేటికని ముందుగదిలో రెండు రోజులు అదనంగా ఉంచి, ఆ తర్వాత పూడ్చాడు. అప్పట్నించీ ఇద్దరి మధ్యా ఒక ఉత్తరం లేదు, ఒక ఫోను లేదు. ఆ తుఫాను మాట అబద్ధమని క్లేటన్ ఒక్కడికే తెలుసు, లేదా అలా అనుకుంటున్నాడు. ఆ అబద్ధం విప్పి బావ ముందు పెట్టడానికే ఇప్పుడు వచ్చాడు. పెట్టకుండా వెనక్కి పోతే ఇక ఈ ఊరికి రావడానికి తనకి మొహం ఉండదని కూడా తెలుసు.

తెలిసి ఏం లాభం? ముప్ఫై ఎనిమిది ఇళ్ళున్నాయి కదా తిరగడానికి. తీరిక లేకపోవడం ఎంత వెచ్చటి దుప్పటో, దాని కింద దాక్కున్నవాడికే తెలుస్తుంది.

రోజులు ఒకదాంట్లోకి ఒకటి కరిగిపోయాయి. ప్రయాణపు బడలికతో సాయంత్రం ఆరింటికే నిద్ర ముంచుకొచ్చేది, తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేది. బయట గాలి లేకుండా మంచు పడుతూనే ఉండేది. చలికి సముద్రం మీంచి పొగ లేచి రేవులోని పడవల్ని మోకాళ్ళ దాకా కప్పేసేది. అందులోంచి నడిచి ఒక వంటింట్లోకి వెళ్ళేవాడు, కేకు తినేవాడు, బయటికొచ్చి మళ్ళీ అదే వంటింట్లోకి వెళ్ళినట్టుండేది. అదే పొయ్యి, అదే గోడ గడియారం, పొయ్యి కింద అదే పిల్లి. ఒకచోట కుర్చీలో కునుకు పట్టి లేచేసరికి ఎదురుగా వేరేవాళ్ళు కూర్చుని ఉన్నారు. ఇల్లు మారిందో, మనుషులు మారారో అతనికి తెలియలేదు. అడగడం బాగుండదని ఇంకో ముక్క కేకు తిన్నాడు.

ప్రతి ఇంట్లోనూ ఒకే ప్రశ్న.

"అక్కడ చేప దొరుకుతుందా?"

"దొరుకుతుంది."

"మన చేపలా ఉంటుందా?"

"ఉండదు."

ఆ జవాబుతో ఇంటిల్లిపాదీ కుదుటపడేవాళ్ళు. ఆ తర్వాత అందరి కళ్ళూ కిటికీలోంచి ఊరి కొస వైపు ఒకసారి వెళ్ళి వచ్చేవి.

క్రిస్మస్ రోజున చర్చిలో లియాండర్ కనిపించాడు. వెనక వరసలో, తలుపు పక్కన. జుట్టు పూర్తిగా తెల్లబడింది. క్లేటన్ తిరిగి చూస్తే తల కొద్దిగా ఊపాడు. అది రమ్మనడమో, చూశాను అనడమో, మెడ పట్టేసిందో. ఆఖరి పాట అయ్యేసరికి ఆ చోటు ఖాళీగా ఉంది.

ఆ సాయంత్రం పిన్ని కిటికీ దగ్గర నిలబడి, ఊరికే అన్నట్టుగా, "కొసింట్లో దీపం ఇవాళ తొందరగా వెలిగింది," అంది.

"రేపు వెళ్దామనే అనుకుంటున్నాను," అన్నాడు క్లేటన్ వెంటనే.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది. ఆ రేపు పదిసార్లు వచ్చి పదిసార్లు పోయింది. ఒకరోజు ఎదురుగాలి, ఒకరోజు కాలు బెణికింది, ఒకరోజు హ్యూబర్ట్ వాళ్ళింట్లో ఉప్పు గొడ్డుమాంసం, క్యాబేజీ వండారు కాబట్టి వెళ్ళక తప్పదు. తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసమన్నవాడు వీడికంటే నయం. వాడు ఒక్కసారే అన్నాడు.

జనవరి ఆరు వచ్చింది. పిన్ని కాగితంలో ముప్ఫై ఎనిమిదో పేరు పక్కన కూడా గీత పడింది. మర్నాడు మధ్యాహ్నం రెండింటికి పడవ. వేషగాళ్ళకి ఈ జనవరి ఆరే ఆఖరి రోజు.

మధ్యాహ్నం మూడింటికి పిన్ని మేడ మీదున్న పాత పెట్టె తెరిచింది. హ్యూబర్ట్‌కి కబురెళ్ళింది. అతను పొట్టకి రెండు తలగడలు కట్టుకుని, పైన తన భార్య రాత్రిగౌను వేసుకుని, తొమ్మిది నెలల గర్భిణిలా వచ్చాడు. పిన్ని చనిపోయిన తన భర్త రబ్బరు కోటు, మోకాళ్ళు దాటే చేపలవాళ్ళ బూట్లు వేసుకుంది. వీపున దిండు కుక్కి గూని తెచ్చుకుంది.

"నువ్వూ లేరా," అంది క్లేటన్‌తో.

"నాకెందుకు పిన్నీ. రేపు ప్రయాణం."

"ప్రయాణం రేపు కదా. ఇవాళ ఏం పని నీకు? కాగితం అయిపోయిందిగా."

అతని మీద పూలపూల గౌను వేసింది. చేతులు చూస్తే ఎవరైనా పట్టేస్తారని ఉన్ని చేతితొడుగులు తొడిగింది. మొహం మీద అల్లిక పని చేసిన పాత కిటికీతెర కప్పి, పైన టోపీ బిగించింది. క్లేటన్‌కి లోకమంతా చిన్న చిన్న పూల రంధ్రాల్లోంచి కనబడింది. పొయ్యి ఒక పువ్వు, కిటికీ ఒక పువ్వు.

"గుర్తుంది కదా, ఊపిరి లోపలికి పీలుస్తూ మాట్లాడాలి. బయటికి వదిలితే గొంతు దొరికిపోతుంది. పేరు పట్టుకుంటే ముసుగు తియ్యాలి. పట్టుకోలేకపోతే తియ్యక్కర్లేదు," అంది పిన్ని.

"అన్నీ గుర్తున్నాయి."

"తలుపు కొట్టడం ఎలాగూ వచ్చు వీడికి," అన్నాడు హ్యూబర్ట్.

నాలుగున్నరకల్లా వెలుగు తగ్గింది. మంచు నీలంగా మారింది. ముగ్గురూ ఇల్లిల్లూ తిరిగారు. కర్రతో తలుపు దబదబా బాది, ఊపిరి పీల్చుకుంటూ, "వేషగాళ్ళని రానిస్తారా?" అని అడగడం, లోపలికెళ్ళి గంతులెయ్యడం, ఇంటివాళ్ళు వాళ్ళ చుట్టూ తిరిగి పొట్టలు పొడిచి పేర్లు చెప్పడం. నిన్నటి దాకా క్లేటన్‌ని అతిథిలా కుర్చీలో కూర్చోబెట్టిన ఇళ్ళే ఇవి. ఇప్పుడు అదే నేల మీద గౌను ఎగరేసుకుంటూ చిందులేస్తుంటే, ఒక ముసలావిడ కర్రతో అతని పిర్ర మీద ఒకటి వేసింది. తొమ్మిదేళ్ళలో మొదటిసారి అతనికి ఊరికి వచ్చినట్టనిపించింది. ముసుగు లోపల మొహం నొప్పెట్టేలా నవ్వాడు.

ఆరో ఇల్లు దాటాక పిన్ని రాళ్ళగుట్ట వైపు తిరిగింది. క్లేటన్ ఆగిపోయాడు.

"పిన్నీ, అటు కాదు."

"వేషగాడికి అటూ ఇటూ ఏమిట్రా? దీపమున్న ప్రతి ఇంటికీ వెళ్ళాలి."

"నేను రాను."

పిన్ని కుంటుకుంటూ వెనక్కి వచ్చింది. ముసుగులోంచి ఆమె కళ్ళు కనిపించలేదు, గొంతు మాత్రం మెత్తగా ఉంది. "నీ మొహంతో ఆ గడప ఎక్కలేవు. పదిహేను రోజులుగా చూస్తూనే ఉన్నాను. నీది కాని మొహంతోనైనా ఎక్కు. ముసుగులో ఉన్నవాడికి పాత తగువులుండవు. పెద్దవాళ్ళు ఊరికే పెట్టలేదురా ఈ పద్ధతి."

హ్యూబర్ట్ పొట్ట పట్టుకుని ముందు నడిచాడు. క్లేటన్ కాళ్ళు వాటంతటవే గుట్ట ఎక్కాయి. కలలో మెట్లు ఎక్కుతున్నట్టు, ఎక్కిన కొద్దీ ఇల్లు అంత దూరంలోనే ఉన్నట్టు ఉంది. చివరికి తలుపు ఎదురుగా వచ్చింది. పిన్ని కర్ర అతని చేతికిచ్చింది. అతను ఆ కర్ర సంగతే మరిచిపోయాడు. వేళ్ళ కణుపులతో, రెండుసార్లు, మెత్తగా కొట్టాడు.

"ఎవరది?"

"వేషగాళ్ళని రానిస్తారా?" అంది పిన్ని ఊపిరి పీలుస్తూ.

"రండి."

వంటిల్లు అలాగే ఉంది. పొయ్యి మీద కెటిల్, కిటికీ దగ్గర వెర్నా కుర్చీ, దాని మీద ఆమె అల్లిన దిండు. దిండు మధ్యలో గుంట కూడా అలాగే ఉంది, ఎవరూ కూర్చోలేదన్నమాట. లియాండర్ పొయ్యి పక్కన నిలబడి ముగ్గుర్నీ తాపీగా చూశాడు.

"ఈ చేపలాయనకి మోకాలు పట్టేసింది పాపం. డల్సీ పిన్నీ, ముసుగు తియ్యి, ఊపిరాడక పోతావు. ఇక ఈ నిండు గర్భిణి... నవ్వాపుకోలేక తలగడ ఊగుతోంది. హ్యూబర్ట్, కవలలా?"

ఇద్దరూ ముసుగులు తీశారు. కేకు వచ్చింది, సిరప్ వచ్చింది. లియాండర్ మూడో మనిషి చుట్టూ ఒకసారి నెమ్మదిగా తిరిగాడు.

"ఈ అమ్మగారెవరో? పోస్టాఫీసు ఎడ్నా కాదు, ఆవిడ ఇంత పొడుగు లేదు. స్కిన్నర్ వాళ్ళ అల్లుడా? కాదు, వాడికి ఇంత పొందిక లేదు. కూర్చోండి అమ్మగారూ. పోల్చుకునేదాకా పంపించేది లేదు."

పిన్ని కేకు ఆఖరి ముక్క నోట్లో వేసుకుంది. "నువ్వు పోల్చుకునేసరికి తెల్లారుతుంది. మేం ఫడ్జ్ వాళ్ళింటికి పోయొస్తాం."

"అప్పుడేనా, నా సిరప్ ఇంకా..." అంటున్న హ్యూబర్ట్‌ని గౌను పట్టుకుని ఈడ్చుకుపోయింది.

తలుపు మూసుకుంది. కెటిల్ సన్నగా కూస్తోంది. లియాండర్ ఎదురు కుర్చీలో కూర్చుని పొయ్యి వైపు చూస్తూ మాట్లాడాడు.

"వేషగాడు ఎవరో తెలిసేదాకా పరాయివాడే కదండీ. పరాయివాళ్ళతో చెప్పుకోవడం తేలిక. మా ఆవిడ పోయి మూడేళ్ళయింది. ఆమెకో తమ్ముడున్నాడు, మేమే పెంచాం. తుఫాను, రాలేనని ఫోన్ చేశాడు. ఊరంతా పాపం అనుకుంది. ఆ మర్నాడు పడవ నడిపే ఆర్చ్ వచ్చి నన్ను పక్కకి పిలిచాడు. 'మీ బావమరిది అవతలి రేవులో, రోడ్డు చివర, కారులో కూర్చుని ఉన్నాడు. పడవ రేవుకి కట్టి ఆగాను. ఎక్కలేదు' అన్నాడు."

మూడేళ్ళు ఒక్కడే మోశాననుకున్న బరువు ఈ వంటింట్లో కూడా సగం ఉందని ఇప్పుడు తెలిసింది.

"ఎవరితోనూ అనొద్దని ఆర్చ్ దగ్గర మాట తీసుకున్నాను. పెట్టె మూయించలేదు. ముందుగది కిటికీలు తెరిచి పెట్టి చలిలో ఉంచాను. లియాండర్‌కి మతి పోయిందన్నారు జనం. నేను లండన్ తుఫాను తగ్గుతుందని ఆగలేదండీ. వాడు రేవు దాకా వచ్చాడు కదా, తరవాతి పడవ ఎక్కుతాడని ఆగాను. నాలుగు పడవలొచ్చాయి. నాలుగు సార్లూ రేవులో నిలబడ్డాను."

క్లేటన్ ఊపిరి లోపలికి లాగాడు. వేషగాడి గొంతు సన్నగా, ఈల వేసినట్టు వచ్చింది. "కోపం వచ్చిందా?"

"రాకుండా ఉంటుందా? మొదటి ఏడాదంతా దాన్నే తిని బతికాను. తరవాత అదీ అయిపోయింది. ఇప్పుడు ఒక్కటే మిగిలింది. ఎందుకు ఎక్కలేదా అని. పరాయివాళ్ళు మీరు, మీకేమైనా తోస్తుందా?"

గోడ గడియారం నడుస్తోంది. తెరలోంచి లియాండర్ మొహం పూలు పూలుగా చీలి కనబడుతోంది. క్లేటన్ ఒక్కో ఊపిరికి ఒక్కో మాట చొప్పున చెప్పాడు.

"అతనికి... వసారా అంటే భయం."

"వసారానా?"

"బడి నుంచి వచ్చినా... వేట నుంచి వచ్చినా... వసారాలో అడుగు పెట్టగానే... లోపల్నుంచి అక్క అడుగుల చప్పుడు పట్టేసేది. తలుపు తియ్యకముందే... పేరు పెట్టి పిలిచేది. 'క్లేటనా? బూట్లు విప్పకు, రా' అనేది. ఎప్పుడూ అదే మాట. రేవులో కూర్చుంటే... అదే కళ్ళకి కట్టింది. వసారాలో నిలబడతాను... ఎవరూ పిలవరు. పిలవకపోతే... ఇక ఆమె నిజంగానే..."

అక్కడ ఊపిరి లోపలికి వెళ్ళలేదు. ఏడుపు వచ్చేవాడికి ఊపిరి ఒకవైపే నడుస్తుంది. "...నిజంగానే లేదని తెలిసిపోతుంది కదా," అన్న చివరి మాట మామూలుగా, బయటికి వచ్చింది. అతని సొంత గొంతుతో వచ్చింది.

ఇద్దరూ విన్నారు.

లియాండర్ లేచాడు. పొయ్యి మూత తీసి రెండు కట్టెలు వేశాడు. మూత పెట్టడానికి అంతసేపు అక్కర్లేదు. అతను ఇటు తిరిగేసరికి కళ్ళు తడిగా ఉన్నాయి, పొగ వల్ల అని చెప్పుకోవడానికి వీలుగా.

"ఎంత ఆలోచించినా ఈ అమ్మగారెవరో నాకు అంతుపట్టడం లేదు," అన్నాడు. "ఓడిపోయాను. పద్ధతి ప్రకారం మీరు ముసుగు తియ్యక్కర్లేదు."

క్లేటన్ చెయ్యి తెర దాకా వెళ్ళింది.

"వద్దు," అన్నాడు లియాండర్. "ఇవాళ వద్దు. వేషం కట్టుకుని వచ్చినదాన్ని రావడం అనరు."

ఒక కేకు ముక్క కాగితంలో చుట్టి అతని చేతితొడుగులో పెట్టాడు. వసారా దాకా వచ్చి తలుపు తీసి పట్టుకున్నాడు. బయట మంచు ఆగిపోయింది. సముద్రం మీద పొగ కూడా విడిపోయి, కింద ఊరి దీపాలన్నీ ఒక్కొక్కటిగా తెలుస్తున్నాయి. క్లేటన్ గడప దాటి రెండడుగులు వేశాక వెనకనుంచి బావ గొంతు వినబడింది. ఈసారి అమ్మగారూ లేదు, అండీ లేదు.

"పడవ రెండింటికిగా. పొద్దున్న రా. వచ్చేటప్పుడు తలుపు కొట్టకు."

గుట్ట దిగువన పిన్ని, హ్యూబర్ట్ మంచులో కాళ్ళు కొట్టుకుంటూ నిలబడి ఉన్నారు. ఫడ్జ్ వాళ్ళింటికి వెళ్ళనే లేదు. హ్యూబర్ట్ కేకు పొట్లం చూసి, "నాకు ఒక్క ముక్కే పెట్టాడు," అన్నాడు.

మర్నాడు పొద్దున్న తొమ్మిదింటికి క్లేటన్ ఒక్కడే గుట్ట ఎక్కాడు. ముసుగు లేదు, చేతికి తొడుగులు కూడా మరిచిపోయాడు. ఎండ కొత్త మంచు మీద పడి కళ్ళు తెరవనివ్వడం లేదు. తలుపు దగ్గర చెయ్యి అలవాటుగా లేచింది. దాన్ని కోటు జేబులో పెట్టుకుని, భుజంతో తలుపు తోశాడు.

వసారా చీకటిగా ఉంది. పాత వలల వాసన, కట్టెల వాసన. కొక్కేనికి అక్క కోటు ఇంకా వేలాడుతోంది. రెండడుగులు వేసి ఆగిపోయాడు. లోపలి తలుపు మూసే ఉంది. మూడేళ్ళుగా అతను పారిపోతున్నది సరిగ్గా ఈ చోటు నుంచే. చెవులు రిక్కించి నిలబడ్డాడు. కెటిల్ మూత చప్పుడు తప్ప ఏమీ లేదు.

లోపల కుర్చీ జరిగింది. ఎవరో గొంతు సవరించుకున్నారు. ఆ మాట ఎప్పుడూ అనని మనిషి, పొద్దుట్నించీ లోపల్లోపల అనుకుంటూ కూర్చున్నవాడిలా, కాస్త బిగ్గరగానే అన్నాడు.

"క్లేటనా? బూట్లు విప్పకు, రా."

అతను తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాడు.